మిగిలిన పొగ

ఆ సందులో రొట్టెల బట్టీలు రెండు. పంతం పట్టిన తోడికోడళ్ళలా ఒకదాని మొహం ఒకటి చూస్తూ ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి వెలిగిందంటే సందు మొదట్లో ఉన్నవాళ్ళకి కూడా తెలిసిపోతుంది. దగ్గుతూ తలుపులు మూసుకుంటారు. రెండోది వెలిగిందో లేదో తెలియాలంటే దగ్గరికెళ్ళి గోడ మీద చెయ్యి పెట్టి చూడాల్సిందే. చివరికి సన్మానం జరిగింది మొదటిదానికి, నోటీసు వచ్చింది రెండోదానికి. లోకం తీరు తెలిసినవాళ్ళకి ఇందులో వింతేమీ కనపడకపోవచ్చు. కానీ ఆ రెండో బట్టీవాళ్ళ కోడలికి మాత్రం అది చాలాకాలం మింగుడు పడలేదు.

ఆ కోడలు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. "దేవుడు దీనికి నాలుక ఇవ్వడం మర్చిపోయి, ఆ బదులు ఇంకో జత కళ్ళు పెట్టాడు" అనేది అత్త. పెళ్ళయి వచ్చిన మొదటి ఏడాదంతా ఆమె పిండి పిసికింది, చూసింది. షెడ్డు కప్పులో పగిలిన పెంకు సందులోంచి ఎండ ఒక కర్రలా కిందికి దిగేది. ఆ వెలుగులో పిండి ధూళి ఎటు కదులుతోందో, ఎక్కడ సుడి తిరుగుతోందో, ఎక్కడ కదలకుండా నిలబడుతోందో రోజూ గమనించేది. గాలి ఒక మూలకి లాగుతోంది, పొగగొట్టం ఇంకో మూల ఉంది. దిక్కులేని పొగ తిన్నగా వచ్చి మామ మంచం చుట్టూ చేరుతోంది.

మామ తన వయసంతా ఆ బట్టీ ముందే నిలబడ్డ మనిషి. ఇప్పుడు నిలబడలేక మంచానికి అతుక్కున్నాడు. ఆయన ఛాతీలో పిల్లికూతలు. ఒక్కోసారి పెరట్లోంచి నిజం పిల్లి వచ్చి గుమ్మంలో కూర్చుని ఆయనకి బదులు చెప్పేది.

"అత్తయ్యా, గొట్టం ఆ మూలకి మారుద్దాం. బట్టీకి ఇనప తలుపు పెడదాం" అంది కోడలు ఒకరోజు.

అత్త చేతిలో పిండిముద్ద అలాగే ఆగిపోయింది. "నిన్నగాక మొన్నొచ్చి మా మావగారు కట్టిన బట్టీకే వంక పెడతావుటే? పొగ రాని బట్టీ ఏం బట్టీ? మీసం లేని మగాడిలా!"

"మావయ్యకి మీసం లేదుగా అత్తయ్యా."

"అందుకేగా చెబుతున్నా!"

మంచం మీద మామ నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు చాలాసేపటికి గానీ ఆగలేదు. ఆగేసరికి అత్త పంతం కూడా దిగింది. ఆ వారమే కోడలి భర్త, రొట్టెలు సైకిలు మీద వేసుకుని ఊరంతా తిప్పి వచ్చాక మధ్యాహ్నాలు కూర్చుని, గోడ పగలగొట్టి గొట్టం మార్చాడు, బట్టీకి ఇనప తలుపు బిగించాడు. వేడి నిలవడానికి బట్టీ అరుగు కింద గాజు పెంకులూ ఇసుకా దట్టించారు. కట్టెలు బట్టీ పైనే పేర్చి ఎండబెట్టడం మొదలుపెట్టారు. చూస్తూ చూస్తూ ఉండగానే పొగ పోయింది, కట్టెల ఖర్చు సగానికి పడింది. "పొగ పోతే పోయిందిలే, కట్టెలు దక్కాయి" అని అత్త తనకి తానే నచ్చజెప్పుకుంది. తర్వాత మెల్లగా ఆ గొట్టం ఆలోచన తనదేనని వచ్చినవాళ్ళకి చెప్పడం కూడా మొదలుపెట్టింది. కోడలు వింటూ పిండి పిసికేది.

ఎదుటి బట్టీ ఆసామిని సందులో చిన్నా పెద్దా అందరూ మసి మావయ్య అంటారు. చెడ్డవాడేం కాదు. కానీ ఏది చవగ్గా దొరికితే అది బట్టీలో పడేసేవాడు. తడి రంపంపొట్టు, పాత చెప్పులు, పగిలిన కుర్చీలు, చిరిగిన టైర్లు, ఏదైనా సరే ఆయన బట్టీకి అన్నమే. "మా బట్టీ వంక పెట్టకుండా తింటుంది వదినా, మీ బట్టీలా పథ్యం తినదు" అనేవాడు. ఆయన గొట్టం ఎప్పుడో పూడుకుపోయింది. పొగంతా తలుపులోంచీ కిటికీలోంచీ, ఆఖరికి ఆయన చొక్కాలోంచీ కూడా వచ్చేది.

ఇలా ఉండగా ఆ సందులోకి టై కట్టుకున్నాయన ఒకడు దిగాడు.

ఆయన పొగ కంపెనీ మనిషి. అంటే పొగ తయారుచేసే కంపెనీ కాదు, పొగ కొనే కంపెనీ. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, లేని పొగ కొనే కంపెనీ. వీధిలో నాలుగు కుర్చీలు వేయించి ఇలా విడమరిచి చెప్పాడు.

"ఎక్కడో దూరదేశంలో విమానాల కంపెనీవాళ్ళున్నారండీ. రోజూ బోలెడంత పొగ వదులుతారు. అది తప్పేనని వాళ్ళకీ తెలుసు."

"తెలిస్తే మానెయ్యొచ్చుగా?" అంది అత్త.

"మానేస్తే విమానం ఎగరదు కదమ్మా. అందుకని వాళ్ళు వదిలినంత పొగ ఇంకోచోట ఇంకెవరో వదలకుండా చూస్తారు. ఆ వదలనివాళ్ళకి డబ్బిస్తారు. లెక్క సరిపోతుంది."

"అంటే ఉపవాసం మాది, పుణ్యం వాళ్ళదీ అన్నమాట" అన్నాడు మామ మంచం మీద నుంచి.

"సరిగ్గా పట్టుకున్నారండీ!" అన్నాడు టై ఆయన. పాపం, అది ఎత్తిపొడుపని ఆయనకి తెలియలేదు.

"వాళ్ళు భోంచేసి మమ్మల్ని చెయ్యి కడుక్కోమంటున్నారు" అన్నాడు మసి మావయ్య. "డబ్బిస్తానంటే నేను మూతి కూడా కడుక్కుంటానయ్యా."

అందరూ నవ్వారు. నవ్వనిది కోడలొక్కతే. ఎందుకంటే టై ఆయన అసలు మాట ఇంకా చెప్పలేదని ఆమెకి అనిపించింది. నిజమే, అది చివర్లో వచ్చింది. వచ్చే నెల నుంచి ఊళ్ళో కట్టెల బట్టీలన్నిటికీ మునిసిపాలిటీ సీలు వేస్తుంది. ఊళ్ళో గాలి పాడైపోయిందట. గాలి పాడు చేసిన కార్ఖానాలు పెద్దవి, వాటి గేట్లకి సీలు వేయాలంటే నిచ్చెన కావాలి. బట్టీలైతే చేతికందేంత ఎత్తులో ఉంటాయి. అయితే కంపెనీ పథకంలో చేరిన బట్టీకి ఒక నీలం బిళ్ళ ఇస్తారు. ఆ బిళ్ళ ఉన్న బట్టీ జోలికి ఎవరూ రారు.

డబ్బు సంగతి దేవుడెరుగు. బిళ్ళ లేకపోతే బట్టీకి సీలు పడుతుంది. బట్టీకి సీలు పడితే ఆ ఇంట్లో నాలుగు నోళ్ళకీ సీలు పడ్డట్టే.

"మనకెందుకే బెంగ?" అంది అత్త. "ఊరంతా వెతికినా మన బట్టీ అంత శుభ్రమైన బట్టీ ఉందా? మనకివ్వకుండా ఇంకెవరికిస్తారు?" అని, బిళ్ళ ఇచ్చేటప్పుడు ఫొటో తీస్తారని విని పెట్టెలోంచి కొత్త చీర తీసి పెట్టుకుంది.

మరో వారానికి టై ఆయన సర్వేకి వచ్చాడు. చేతిలో ట్యాబు, అందులో ప్రశ్నలు. ఆ ప్రశ్నలు దూరదేశంలో పుట్టి, చేతులు మారి మారి, చివరికి ఎవరో ఒకరి చేత ఇక్కడి భాషలోకి దిగాయి. దింపినవాళ్ళు పుట్టి బుద్ధెరిగాక బట్టీ మొహం చూసి ఉండరు. ఎంతమంది పనిచేస్తారు, ఎన్ని కట్టెలు కాలుస్తారు లాంటివన్నీ సాఫీగా నడిచాయి. అత్త తడుముకోకుండా చెప్పింది. అప్పుడు వచ్చింది అసలు ప్రశ్న. టై ఆయన గొంతు సవరించుకుని చదివాడు.

"మీ బట్టీలో పొగ ఎంత మిగిలింది?"

అత్తకి ఒళ్ళు మండింది. "మా బట్టీలో పొగ మిగలడమేంటి బాబూ? చుక్క కూడా మిగల్దు."

"ఏమీ మిగల్లేదా?"

"ఏమీ మిగల్లేదు. కావాలంటే ఆ గోడకి వేలు రాసి చూడు, మసి అంటితే ఒట్టు."

"కొంచెమైనా... ఒక పాలో, రెండు పాళ్ళో?"

"రవ్వంత కూడా లేదంటున్నానా! మా కోడలొచ్చాక ఈ ఇంట్లో పొగ మిగలడమన్న మాటే లేదు."

టై ఆయన మొహం చిన్నబోయింది. ట్యాబులో సున్నా నొక్కాడు. కింద 'ఇతర వివరాలు' అన్నచోట 'కోడలు వచ్చినప్పటి నుంచి' అని రాసుకుని, కోడలి వైపు కాస్త జాలిగా, కాస్త కోపంగా చూశాడు. ఆ చూపు చూసిన కోడలికి అన్నంలో రాయి పంటికింద పడ్డట్టయింది. ఏదో తేడా ఉంది. కానీ అదేమిటో అందేలోపే ఆయన వీధి దాటేశాడు.

ఎదుటి షెడ్డులో ఆయనకి గుమ్మం దాటి లోపలికి వెళ్ళడం సాధ్యపడలేదు. రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని బయటి నుంచే అడిగాడు.

"మిగలడమా?" అన్న మసి మావయ్య గొంతు పొగలోంచి వినపడింది. "మిగిలినంత మిగిలింది సారూ! బయటికి పోయేది పిసరంత, మిగిలేదే అంతా!"

"సుమారుగా ఎంతుంటుంది?"

"పదింట తొమ్మిదిపాళ్ళు వేసుకోండి. నా మొహం చూస్తే మీకే తెలుస్తుంది."

"అద్భుతం!" అన్నాడు టై ఆయన కళ్ళు తుడుచుకుంటూ. ఆ కన్నీళ్ళు చూసి, ఇంత మంచి మనసున్న ఆఫీసరు ఉంటాడా అనుకున్నాడు మసి మావయ్య. తన కళ్ళతో చూస్తున్నదేమిటో, చెవులతో విన్నదేమిటో టై ఆయనకి తెలియక కాదు. చూసింది రాసుకోవడానికి ట్యాబులో గడి లేదు. చెప్పింది రాసుకోవడానికే ఉంది.

బిళ్ళ ఇచ్చే రోజున వీధిలో షామియానా వేశారు. అత్త తీసిన చీర మళ్ళీ పెట్టెలో పెట్టలేక, అదే కట్టుకుని ఎదుటివాళ్ళ సన్మానానికి వెళ్ళి ముందు వరసలో కూర్చుంది. టై ఆయన మసి మావయ్య మెడలో దండ వేసి మైకు అందుకున్నాడు. "తన పొగలో పదింట తొమ్మిదిపాళ్ళు మిగిల్చి, భూగోళానికే ఆదర్శంగా నిలిచిన బట్టీ ఇది!" అన్నాడు. అదే క్షణంలో ఆదర్శ బట్టీలోంచి ఒక నల్లటి మబ్బు లేచి వేదికని కప్పేసింది. ఫొటోలో మసి మావయ్య పళ్ళు మాత్రమే పడ్డాయి.

వెనక నిలబడ్డ కోడలికి పంటికింది రాయి దొరికింది. మిగిల్చడమంటే వాళ్ళ భాషలో పొదుపు చెయ్యడం. అత్త భాషలో ఇంట్లో ఉండిపోవడం.

"చూశావా ఘోరం!" అంది అత్త విషయం విని. "నేను చెప్పింది అక్షరాలా నిజం. ఆయన చెప్పిందీ నిజమే. అబద్ధం ఎవరూ ఆడలేదు. మరి ఈ బిళ్ళ అటెలా పోయిందే?"

మర్నాడు కోడలు భర్త సైకిలు వెనక కూర్చుని పొగ కంపెనీ ఆఫీసుకి వెళ్ళింది. లిఫ్టు పనిచెయ్యడం లేదు. మెట్లెక్కి పైకి పోతే, టై ఆయన గదిలో చల్లగా ఉంది. కిటికీ అవతల రోడ్డు మీదికి జనరేటరు గొట్టం ఒకటి తిప్పి పెట్టారు. అది దడదడలాడుతూ పొగ కక్కుతోంది. భర్త కుర్చీ అంచున కూర్చుని ఆమె వైపు చూశాడు. మాట్లాడాల్సింది తనేనని ఆమెకి అర్థమైంది.

"మా అత్తయ్య మాట మీకు వేరేగా అర్థమైందండీ" అంది. జరిగింది చెప్పింది.

టై ఆయన శ్రద్ధగా విన్నాడు. చివర్లో నవ్వాడు కూడా. "భలే తమాషాగా ఉందమ్మా. కానీ ఇప్పుడు చేసేదేం లేదు. ఎదుటాయన పొగ అమ్ముడైపోయింది."

"లేని పొగ కదండీ?"

"లేనిదే అమ్ముతామమ్మా, అదే మా వ్యాపారం. దానికి తగ్గ విమానాలు కూడా ఎగిరిపోయాయి. ఇప్పుడు తప్పని ఒప్పుకుంటే వాటిని వెనక్కి దింపాలి. కుదురుతుందా చెప్పండి?"

"పోనీ, వాళ్ళది వాళ్ళకే ఉండనివ్వండి. మాకింకో బిళ్ళ ఇవ్వండి. మా బట్టీలో పొగ రాదు."

టై ఆయన కుర్చీలో ముందుకి వంగాడు. చంటిపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "అదే కదమ్మా మీ చిక్కు. మేం డబ్బిచ్చేది పొగ తగ్గించినవాళ్ళకి. మీ దగ్గర తగ్గించడానికి పొగేది?"

"ముందే తగ్గించుకున్నాం."

"ఎవరు తగ్గించమన్నారు?"

మామ దగ్గు తగ్గించమంది అని చెప్పొచ్చు గానీ, మామ దగ్గుకి ఆ ఆఫీసులో హోదా ఏమీ ఉన్నట్టు లేదు.

"మేం రాకముందు తగ్గింది మా లెక్కలోకి రాదమ్మా. తొందరపడ్డారు" అన్నాడు టై ఆయన, నిజంగానే బాధపడుతూ. తర్వాత గొంతు తగ్గించాడు. "ఒక దారుంది. బుధవారం పొగ కొలిచే మీటరు తీసుకుని వస్తాను. ఆ రోజు మీ బట్టీలో తగినంత పొగ కనపడితే కొత్త దరఖాస్తు కింద రాసుకుంటాను. ముందు పెంచండి. తర్వాత కలిసి తగ్గిద్దాం."

దిగేటప్పుడు మెట్ల మీద భర్త అన్నాడు, "కలిసి తగ్గిద్దామన్నాడు చూడు, ఎంత కలుపుగోలు మనిషో!" కోడలికి నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. రెండూ మింగి సైకిలెక్కింది.

బుధవారం నాటి హడావుడి పెళ్ళింట్లో కూడా ఉండదు. అత్త కొంగు బిగించి రంగంలోకి దిగింది. కట్టెలు బకెట్లో నానబెట్టింది. ఎదురింటికెళ్ళి, "మరిదీ, నాలుగు పాత చెప్పులుంటే అప్పియ్యి" అని అడిగింది.

"దేనికి వదినా, కాళ్ళకా?"

"కాదు, మా బట్టీకి. మళ్ళీ కొత్తవి ఇచ్చేస్తాలే."

మసి మావయ్య ఏరి ఏరి మంచి రబ్బరు చెప్పులు ఇచ్చి పంపాడు. అయినా బట్టీ మాట వినలేదు. తడి కట్టె వేస్తే బుసలు కొట్టింది, చెప్పు వేస్తే కమురు కంపు కొట్టింది. అంతేగానీ వచ్చిన పొగంతా వచ్చినట్టే కొత్త గొట్టంలోకి సర్రున పోయింది. షెడ్డులోకి ఒక్క పాయ రాలేదు. "పాడు గొట్టం! పాడు గొట్టం!" అని అత్త నెత్తి కొట్టుకుంది. ఆ గొట్టం ఎవరి ఆలోచనో ఆ రోజు మాత్రం ఆమెకి బాగా గుర్తుంది. చివరికి భర్త నిచ్చెనెక్కి తడి గోనెసంచి ఒకటి గొట్టం నోట్లో కుక్కాడు. దాని తాడు కిందికి వేలాడేశాడు. అప్పుడు వచ్చింది పొగ. ఇన్నాళ్ళూ దారి తప్పిన చుట్టంలా వచ్చి, షెడ్డంతా కలయదిరిగి, మామ మంచం దగ్గర చతికిలబడింది.

టై ఆయన గుమ్మంలో నిలబడి మీటరు పైకెత్తాడు. "బాగుంది, బాగుంది! ఇంకొంచెం... పావుగంట ఇలాగే నిలబెడితే బిళ్ళ వచ్చినట్టే."

"ఉండండి, ఇంకో చెప్పు వేస్తా!" అంది అత్త పొగలోంచి హుషారుగా.

మామ దగ్గు మొదలైంది. మొదట మామూలు దగ్గే. తర్వాత పిల్లికూతలు. ఆ తర్వాత కూతలు కూడా ఆగిపోయి, ఊపిరి కోసం నోరు తెరవడం మాత్రమే మిగిలింది. పొగలో ఎవరికీ కనపడలేదు. కోడలు మంచం పక్కనే ఉంది. ఆయన చెయ్యి మంచం పట్టెని గీకుతోంది. ఆమె లేచింది. తాడు దొరకబుచ్చుకుని ఒక్క గుంజు గుంజింది. గోనెసంచి ధబ్బున కింద పడింది. షెడ్డులో పొగ ఒకసారి సుడి తిరిగి, తల దించుకుని, గొట్టం దారి పట్టింది.

"అయ్యో అయ్యో!" అన్నాడు టై ఆయన మీటరు వంక చూస్తూ. "పడిపోతోంది... పడిపోతోంది... పడిపోయింది! ఏంటమ్మా ఇది, నోటి దగ్గరికొచ్చిన కూడు!"

అత్త చేతిలో చెప్పు పట్టుకుని కోడలి వైపు దూసుకొచ్చింది. మామని చూసింది. చెప్పు జారవిడిచి మంచం దగ్గర కూలబడి ఆయన వీపు రుద్దడం మొదలుపెట్టింది. చాలాసేపటికి ఆయనకి మాట వచ్చింది.

"బతికుంటే... బలుసాకు తినొచ్చే" అన్నాడు.

"ఎక్కడ పెరుగుతుందో కూడా చెప్పండి, రేపట్నుంచి అదే వండాలి" అంది అత్త కళ్ళు తుడుచుకుంటూ.

నెల మొదట్లో మునిసిపాలిటీ సీలాయన వచ్చాడు. నిప్పు ఆర్పేయమని ముందురోజే నోటీసిచ్చి వెళ్ళాడు, వాళ్ళు ఆర్పేశారు. ఇప్పుడు సంచీలోంచి తీగ, లక్క కడ్డీ, కొవ్వొత్తి, ఇత్తడి ముద్ర తీసి వరసగా పెట్టుకున్నాడు. బట్టీ తలుపుకి తీగ చుట్టి, ముడి మీద లక్క కరిగించి పోసి ముద్ర నొక్కాడు. ముద్ర తీసేసరికి అక్షరాలు లేవు. లక్క తలుపు మీది నుంచి ఎర్రగా కిందికి కారిపోతోంది. ఇంకోసారి పోశాడు. అదీ కారిపోయింది.

"నెయ్యిలా కరిగిపోతోందేమయ్యా నీ చట్టం?" అంది అత్త.

సీలాయన తలుపు మీద వేలు పెట్టి చటుక్కున తీసేశాడు. "నిప్పు ఆర్పమన్నానుగా!"

"నిన్ననే ఆర్పేశామండీ" అంది కోడలు. "తలుపు వేసి ఉంచితే వేడి తొందరగా పోదు. ఎల్లుండికి చల్లారుతుంది."

"ముద్ర మీద అక్షరాలు చదవడానికి రాకపోతే నా ఉద్యోగం పోతుంది" అని ఆయన సామాను సర్దుకున్నాడు. "ఎల్లుండే వస్తా. నిప్పు మాత్రం వెయ్యొద్దు. మీ మీద నాకేం కోపం లేదమ్మా, మా పిల్లలు తినేవి కూడా మీ బన్నులే." పోతూ పోతూ నిన్నటివి రెండు పొట్లం కట్టించుకున్నాడు.

ఆ రెండు రోజులూ బట్టీ వెలగలేదు. భర్త సైకిలు తుడిచిందే తుడిచాడు. కోడలు మాటిమాటికీ వెళ్ళి బట్టీ గోడ మీద చెయ్యి వేసి వచ్చేది. జ్వరం దిగాలని కోరుకునేవాళ్ళే లోకంలో అందరూ. ఆమె మాత్రం దిగకూడదని కోరుకుంది. అయినా దిగుతూనే ఉంది. సీలాయన వస్తానన్న రోజు తెల్లవారేసరికి గోడ గోరువెచ్చగా ఉంది. మధ్యాహ్నానికి అదీ ఉండదు.

అప్పుడు వచ్చాడు మసి మావయ్య, నెత్తిమీద బన్నుల ట్రేలు పెట్టుకుని. వాటి మీద తడిగుడ్డ కప్పి ఉంది. ఆ గుడ్డ కింద పిండి పొంగి, అంచులు దాటుతోంది.

"వదినా..."

"ఏం మరిదీ, సన్మానం అరిగిందా?" అంది అత్త.

"దెప్పకు వదినా, కొంప మునిగింది." ట్రేలు దించి గోడకి చేరగిలబడ్డాడు. ఎన్నడూ లేనిది ఆయన మొహం తెల్లగా ఉంది. కంపెనీవాళ్ళు వచ్చి, ఒప్పందం ప్రకారం ఆయన పాత బట్టీ పడగొట్టించి, దాని జాగాలో కొత్త పొయ్యి పెట్టి వెళ్ళారట. దూరదేశంలో తయారైన పొయ్యి. తళతళలాడుతూ ముద్దొచ్చేలా ఉంది. పొగ నిజంగానే రాదు. ఒక్కసారికి ఆరు బన్నులు కాలుతాయి.

"ఆరొందలా?" అన్నాడు మామ.

"ఆరు అన్నయ్యా. ఆరంటే ఆరు. నా బన్నులే ఆసుపత్రివాళ్ళు సాయంత్రం రోగులకి పెట్టేది. పిండి కలిపేశాను. ఇది ఇలాగే పొంగుతూ కూర్చుంటే మధ్యాహ్నానికి నన్నే మింగేస్తుంది. మీ బట్టీ ఒక్క పూట ఇయ్యి వదినా, నీ కాళ్ళకి మొక్కుతా!"

అత్త రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది. ఆమె నోట్లో సిద్ధంగా ఉన్న మాటలకి ఆ పూటంతా చాలదు. కానీ కోడలు ముందు మాట్లాడింది.

"మావయ్యా, మీ బిళ్ళ మీద ఏం రాసుంది?"

"ఏం రాసుంది? అదేదో... 'ఈ బట్టీ పథకంలో ఉంది' అని."

"మీ పేరు గానీ, ఇంటి నంబరు గానీ?"

"అంత చోటెక్కడుందమ్మాయ్? సగం వాళ్ళ కంపెనీ బొమ్మే."

"అయితే ఆ బిళ్ళ పట్రండి. మేకులు కూడా. ఒక్క పూట కాదు, రోజూ కాల్చుకోండి. మాది పొద్దున, మీది మధ్యాహ్నం. కట్టెలు చెరి సగం. చెప్పులు మాత్రం వెయ్యకూడదు."

మసి మావయ్య కాసేపు ఆమె మొహంలోకి చూశాడు. పిండి వంక చూశాడు. "పొగ డబ్బు మాత్రం నాదే సుమా" అన్నాడు అనుమానంగా. "అందులో భాగం అడగకూడదు."

"ఏ పొగ డబ్బు, మా ఇంటి పొగ అమ్మిన డబ్బేనా?" అని అత్త లేవబోయింది. కోడలు ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"మీదే మావయ్యా. తొందరగా రండి, పిండి పులిసిపోతోంది."

సీలాయన వచ్చేసరికి బట్టీ తలుపు పక్కన నీలం బిళ్ళ మెరుస్తోంది. తలుపు మీద చెయ్యి పెట్టబోయి, వేడి తగిలి వెనక్కి తీసుకున్నాడు. బిళ్ళ చూశాడు. వెనక్కి తిరిగి ఎదురింటి గోడ మీద బిళ్ళ ఊడిన చోటు చూశాడు. మళ్ళీ బిళ్ళ చూశాడు.

"ఇది ఆ బట్టీది కదమ్మా?"

"'ఈ బట్టీ' అనే రాసుందండీ" అంది కోడలు.

సీలాయన పెదాలు కదుపుతూ ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. నిజమే, 'ఈ' అనే ఉంది. కంపెనీని అడిగితే తమ బిళ్ళ తప్పని ఒప్పుకోదు, మునిసిపాలిటీని అడిగితే కంపెనీని అడగమంటుంది. ఆ మాత్రం ఉద్యోగం ఆయనకీ తెలుసు. లక్క కడ్డీ సంచీలో వేసుకున్నాడు.

"బిళ్ళ ఉన్న బట్టీకి సీలు వేసే అధికారం నాకు లేదు" అన్నాడు తేలిక పడ్డ గొంతుతో. "వేడివేడిగా ఏమైనా ఉన్నాయా?"

"కూర్చో బాబూ, ఇంకో వాయి దిగుతుంది" అంది అత్త పీట జరుపుతూ.

బట్టీ ముందు మసి మావయ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. పుట్టాక ఆయన పొగ లేని చోట రొట్టె కాల్చింది లేదు. ఎక్కడా పొగ పాయ కనపడక, నిప్పు ఉందో ఆరిందో తేల్చుకోలేకపోతున్నాడు. చివరికి ఉండబట్టలేక కుప్పలోంచి లావుపాటి కట్టె ఒకటి లాగి తలుపు తియ్యబోయాడు.

"ఆరిపోయిందే అమ్మాయ్, నా బన్నులు పచ్చిగా దిగుతాయి!"

కోడలు ఆయన చేతిలోంచి ఆ కట్టె తీసుకుని తిరిగి కుప్ప మీద పెట్టింది.

"ఇది రేపటికి మిగిలింది మావయ్యా" అంది.